‘లేదు’కు ఒకటి, ‘వద్దు’కు ఒకటి: ఒక స్టాఫ్ నర్సు ఓఈటీ కేసు

ఈ కేసు ఒక స్టాఫ్ నర్సుది. సొంతూరు నర్సంపేట వైపు, చదువు జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా, ఉద్యోగం హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. యూకే వెళ్లాలని ఓఈటీ కోచింగ్‌కు నా దగ్గరికి వచ్చింది. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు. నర్సులకు ఇంగ్లిష్ నేర్పేవాళ్లకూ ఇదే పరీక్షకు చదువుతున్నవాళ్లకూ పనికొస్తుందని కాస్త వివరంగానే చెబుతాను.

ఓఈటీ అంటే ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఇలా 12 వైద్య వృత్తుల వాళ్లకు పెట్టే పరీక్ష. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 500 దాకా స్కోరు. 350 వస్తే బీ గ్రేడ్. యూకేలో నర్సులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడడం మూడింట్లో బీ అడుగుతుంది, రాయడంలో సీ ప్లస్ వచ్చినా, అంటే 300 ఉన్నా, ఒప్పుకుంటుంది. రాయడంలో ఒక పేషెంట్ కేస్ నోట్స్ ఇచ్చి, వాటిని బట్టి 180 నుంచి 200 పదాల లెటర్ రాయమంటారు. టైం మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు చదవడానికే.

ఆమె అప్పటికే ఒకసారి పరీక్ష రాసి ఉంది. వినడం, చదవడం గట్టెక్కాయి. రాయడం, మాట్లాడడం రెండూ సీ దగ్గర ఆగాయి. కారణం ఏమనుకుంటున్నావని అడిగితే తడుముకోకుండా చెప్పింది: “గ్రామర్ వస్తది మేడం. ఏ మాట ఎక్కడ వేయాల్నో అక్కడనే ఆగిపోతున్న.”

పాత లెటర్లు తెప్పించి చూశాను. నిజమే, వ్యాకరణం పెద్దగా తప్పలేదు, స్పెల్లింగ్ బాగుంది. అసలు సంగతి ఆమె నోట్‌బుక్‌లో బయటపడింది. ముత్యాల్లాంటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన రెండు గళ్లు. ఎడమ గడిలో డినై, రెఫ్యూజ్, రిజెక్ట్, డిక్లైన్. కుడి గడిలో నాలుగింటికీ ‘నిరాకరించు’. కింద ట్రీట్, క్యూర్, హీల్ – మూడింటికీ ‘నయం చేయు’. పేజీల కొద్దీ ఇదే వరస. ఒక్కో మాటకు ఒక్కో అర్థం బట్టీ పట్టింది. పరీక్షలో ‘నిరాకరించు’ అనే అవసరం రాగానే నాలుగు మాటలూ ఒకేసారి ఎదురొచ్చి నిలబడేవి, ఏది ముందు తడితే అది రాసేసేది. దీనికి ఆమెను తప్పు పట్టలేం. మన పోటీ పరీక్షల పుస్తకాలు ఇంగ్లిష్ నేర్పేది అట్లాగే.

ఆ నోట్‌బుక్ పక్కన పెట్టించాను. ఇక నుంచి మాటకు అర్థం రాయొద్దు, వార్డులో జరిగే ఒక సంగతి రాయాలి. ఎవరు ఎవరితో అన్నారు, ఏ ప్రశ్నకు జవాబుగా అన్నారు, ఈ మాటకు బదులు పక్క మాట వేస్తే రేపు చదివే నర్సుకు ఏం అర్థమవుతుంది. ఒక్కో మాటకు ఈ మూడూ ఉంటే చాలు.

‘డినై’ గొడవ

ఎక్కువ సమయం పట్టింది దీనికే. ఆమె ప్రాక్టీస్ లెటర్‌లో ఈ వాక్యం ఉంది: “ది పేషెంట్ డినైడ్ ఇన్సులిన్.” ఆమె చెప్పదలచుకున్నది, రాత్రి ఇన్సులిన్ వేయబోతే పెద్దమనిషి వద్దన్నాడని. చదివినవాళ్లకు మాత్రం, ఇన్సులిన్ వాడుతున్నావా అంటే లేదన్నాడేమో అనిపిస్తుంది. ఒకటి మందు పడలేదన్న సమాచారం, రెండోది పేషెంట్ చెప్పిన హిస్టరీ. తర్వాతి షిఫ్టు నర్సు చేయాల్సిన పని రెండింటికీ వేరు.

ఇక్కడ పేషెంట్ నోట్లో ఏ తెలుగు మాట ఉందో వినమన్నాను. “ఛాతిలో నొప్పి ఉందా?” అని అడిగితే “లేదు” అంటాడు. అది డినై. “ఇంజెక్షన్ వేస్తా” అంటే “వద్దు” అంటాడు. అది రెఫ్యూజ్. డినైకి ముందు ఒక ప్రశ్నో ఒక నిందో ఉండాలి, అది నిజం కాదనడమే డినై. రెఫ్యూజ్‌కు ముందు చేయాల్సిన పని ఒకటి ఉండాలి, ఆ పనికి ఒప్పుకోకపోవడం రెఫ్యూజ్. ‘నిరాకరించు’ అనే పుస్తకాల మాట ఈ రెండింటినీ కలిపేసింది కానీ, మన నోట్లో ఆడే ‘లేదు’, ‘వద్దు’ ఎప్పుడూ కలవవు. మూడో తరగతి పిల్లవాడు కూడా వాటిని తారుమారు చేయడు.

అంతటితో తేలిపోలేదు. ఇంకో లెటర్‌లో “ది పేషెంట్ వాజ్ డినైడ్ పెయిన్ రిలీఫ్” అని రాసింది. ఎందుకలా తిప్పావంటే, పాసివ్‌లో రాస్తే ఫార్మల్‌గా ఉంటుందని ఎవరో చెప్పారంది. ఇప్పుడు వాక్యం అర్థం తలకిందులైంది. పేషెంట్‌కు నొప్పి మందు కావాలి, ఆసుపత్రి వాళ్లే ఇవ్వలేదు అని. ఎవరినైనా ‘వాజ్ డినైడ్’ అన్నామంటే వాళ్లకు దక్కాల్సింది దక్కనివ్వలేదని అర్థం. వీసా విషయంలో డినైడ్ అన్నా అదే సంగతి. నొప్పి మందు వద్దన్న పేషెంట్ గురించి రాయబోయి, తన వార్డు మీద తానే ఫిర్యాదు రాసిపెట్టింది. ఇది చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు, వెంటనే తన ఆసుపత్రి కేస్ షీట్లు గుర్తు చేసుకుంది. “మా దగ్గర గట్లనే రాస్తరు మేడం, ఎవ్వరూ ఏమనరు.” నిజమే. ఇక్కడ రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఒకే అలవాటులో ఉంటారు కాబట్టి నడిచిపోతుంది.

రెఫ్యూజ్, డిక్లైన్ – ఈ రెండింట్లోనూ ఉన్నది ‘వద్దు’నే. తేడా చెప్పే తీరులో ఉంది. రెఫ్యూజ్ అంటే మొండికేశాడన్న వాసన వస్తుంది. డిక్లైన్ అంటే ఆలోచించుకుని వద్దన్నాడన్నట్టు ఉంటుంది. చికిత్స వద్దనే హక్కు పేషెంట్‌కు ఉంది కాబట్టి లెటర్‌లో డిక్లైన్ రాయమంటాను, ఎందుకు వద్దన్నాడో పక్కనే రాయమంటాను. అసలు డినై కూడా ఇప్పుడు పేచీలో ఉంది. పేషెంట్ ‘కంప్లెయిన్స్’, ‘డినైస్’, ‘క్లెయిమ్స్’ అని రాస్తే అతని మాట నమ్మనట్టు ఉంటుందనీ, ఇలాంటి మాటలు మానాలనీ 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. అందుకని మా లెటర్లలో “రిపోర్ట్స్ నో చెస్ట్ పెయిన్” అని రాయడం మొదలుపెట్టాం. డాక్టర్లు ఇంకా డినైస్ అనే రాస్తున్నారు కదా అని ఆమె అడిగింది. రాస్తారు. చదివితే అర్థం కావాలి, మనం రాయాల్సిన పని లేదు.

రిజెక్ట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మార్చిన కిడ్నీని ఒళ్లు రిజెక్ట్ చేస్తుంది. మాత్ర వద్దన్న ముసలమ్మకు ఆ మాట వాడొద్దు.

‘సాయంత్రం వరకు’

“కంటిన్యూ యాంటీబయాటిక్స్ బై ఫ్రైడే” అని ఒక లెటర్‌లో, “సెండ్ ది రిపోర్ట్ అన్‌టిల్ ఫ్రైడే” అని ఇంకో లెటర్‌లో. సరిగ్గా ఒకదాని చోట ఒకటి. తెలుగులో ‘లోపు’, ‘వరకు’ అని విడిగా ఉన్నప్పుడు ఈ తప్పు ఎందుకొస్తుందని మొదట అనిపిస్తుంది. మన దగ్గర మాట్లాడే తీరు గమనిస్తే తెలుస్తుంది. “సాయంత్రం వరకు పైసలు పంపిస్త” అంటాం. సాయంత్రం దాకా పంపుతూనే ఉంటామని కాదు, సాయంత్రంలోపు ఒకసారి పంపుతామని. వరంగల్ వైపు మాటలో ‘వరకు’ రెండు పనులూ చేస్తుంది, అది తప్పేమీ కాదు, విన్నవాళ్లందరికీ అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లోకి పోయేటప్పుడే చిక్కు.

దీనికి ఒక తాళంచెవి దొరికింది. వాక్యంలో ‘సాయంత్రానికల్లా’ పెట్టి చూడాలి. “సాయంత్రానికల్లా పంపిస్త” అతుకుతుంది, కాబట్టి బై. “శుక్రవారానికల్లా యాంటీబయాటిక్ వేస్తూ ఉండండి” అతకదు, కాబట్టి అన్‌టిల్. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దు, తాగొద్దు అనే సూచనలో ఈ రెండూ తారుమారైతే ఎంత పనవుతుందో నర్సులకు నేను చెప్పక్కర్లేదు.

సిన్స్, ఫర్ తేడా మాత్రం తెలుగులోంచి రాదు. “సోమవారం నుంచి జ్వరం”, “మూడు రోజుల నుంచి జ్వరం” – రెండు చోట్లా మనకు ‘నుంచి’నే. మొదలైన రోజు చెబితే సిన్స్, ఎన్నాళ్లో చెబితే ఫర్. “ఈజ్ హావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్” కాదు, “హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్”. బట్టీ పట్టి రాయాల్సిందే, వేరే దారి లేదు.

నొప్పి మాటలు

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. ఆమె లెటర్లలో ఏ నొప్పి అయినా ‘సివియర్ పెయిన్’. మాట్లాడే భాగంలో పేషెంట్ పాత్ర వేసేవాళ్లను నొప్పి ఎలా ఉందని అడగాలి, అక్కడా “మైల్డ్ ఆర్ సివియర్?” అని ఊరుకునేది. ఒక పని అప్పగించాను. డ్యూటీలో పేషెంట్లు నొప్పిని ఏ మాటల్లో చెబుతున్నారో, వాళ్ల మాటల్లోనే రాసుకుని రావాలి.

రాసుకొచ్చింది చూస్తే ముచ్చటేసింది. కాళ్లు పీకుతున్నయి. పుండు సలుపుతుంది. కడుపులో మెలిపెట్టినట్టు అయితుంది. డొక్కలో పొడిచినట్టు వస్తుంది. ఛాతిలో మంట. పన్ను జివ్వుమంటుంది. పాదాలు తిమ్మిర్లు. ఇంత నిక్కచ్చిగా చెబుతున్న మనుషుల మాటలను మనం ‘సివియర్ పెయిన్’ అని ఒక్క గంపలో పడేస్తున్నాం.

1975లో రొనాల్డ్ మెల్జాక్ తయారుచేసిన మెక్‌గిల్ పెయిన్ క్వశ్చనేర్ అని ఒకటుంది. నొప్పిని వర్ణించే 78 ఇంగ్లిష్ మాటలను 20 గుంపులుగా పేర్చాడు. పేషెంట్ తనకు సరిపోయే మాట ఎంచుకుంటే నొప్పి ఏ రకమో డాక్టర్‌కు అంచనా దొరుకుతుంది. ఆ మాటల పక్కన ఆమె తెచ్చిన మాటలు పెట్టుకుంటూ పోయాం. సలుపుడు థ్రాబింగ్. పీకుడు ఏకింగ్. మెలిపెట్టడం క్రాంపింగ్. పొడిచినట్టు అంటే స్టాబింగ్, మంట బర్నింగ్, జివ్వుమనడం షూటింగ్. ఇక్కడ అర్థాలు బట్టీ పట్టినట్టు కాదు, ఎందుకంటే ప్రతి మాట వెనుకా ఆమె చూసిన ఒక మంచం, ఒక మనిషి ఉన్నారు.

తిమ్మిరి దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. ఇంగ్లిష్‌లో నంబ్‌నెస్ వేరు, టింగ్లింగ్ వేరు. ముట్టుకుంటే తెలియకపోవడం మొదటిది, చీమలు పాకినట్టు ఉండడం రెండోది. షుగర్ ఉన్న పేషెంట్ “పాదాలు తిమ్మిర్లు” అంటే ఈ రెండింట్లో ఏదైనా కావచ్చు. స్పర్శే లేకపోతే కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు ముదిరేదాకా చూసుకోడు. “గట్ల నేనెప్పుడూ అడగలేదు మేడం” అంది. ఇప్పుడు డ్యూటీలో అడుగుతోందట, “ముట్టుకుంటే తెలుస్తుందా, చీమలు పాకినట్టు ఉన్నదా?” అని. “కళ్లు తిరుగుతున్నయి” కూడా ఇట్లాంటిదే. గది గిర్రున తిరిగినట్టుంటే వర్టిగో, పడిపోయేలా ఉంటే లైట్‌హెడెడ్. మందు వేరు, కాబట్టి మాట వేరుగా రాయాలి.

క్రియ దగ్గర ఇంకో చిన్న పొరపాటు. “కాలు నొస్తుంది” కాబట్టి “మై లెగ్ ఈజ్ పెయినింగ్” అనేది. బ్రిటన్ వాళ్లు “మై లెగ్ హర్ట్స్” అంటారు. గొంతు నొప్పి ‘థ్రోట్ పెయిన్’ కాదు, ‘సోర్ థ్రోట్’. తలకు, పంటికి, చెవికి, కడుపుకు, వెన్నుకు చివర ‘ఏక్’ చేరుతుంది. ఛాతికి, కీళ్లకు ‘పెయిన్’. ఎందుకిలా అంటే జవాబు లేదు, వాళ్లకు అలవాటైంది అంతే.

వినబడింది కానీ వేరేలా

వినే భాగం ఆమె ముందే గట్టెక్కింది కదా, అయినా అక్కడా ఒక మాట దొరికింది. ప్రాక్టీస్ రికార్డింగ్‌లో పేషెంట్ “ఐ హావ్ బీన్ సిక్ ట్వైస్ దిస్ మార్నింగ్” అంటుంది. ఈమె రాసుకున్నది: పొద్దున రెండుసార్లు ఒంట్లో బాగోలేదు. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ‘బీ సిక్’ అంటే వాంతి చేసుకోవడం, ‘ఫీల్ సిక్’ అంటే వాంతి వచ్చేలా ఉండడం. ఒంట్లో బాగోలేదంటే ‘ఇల్’, ‘అన్‌వెల్’, ఇంకా ఇంట్లో మాటగా ‘పూర్లీ’. పేషెంట్ ‘పూర్లీ’ అంటే తన పేదరికం గురించి చెబుతున్నదేమో అనుకుంది ఈమె. బయటికి అనకపోయినా ముఖంలో కనబడింది.

దీనికి ఎదురు పక్కన మన ఆసుపత్రి ఇంగ్లిష్ ఉంది. అది ఇంగ్లిషే అని మనం నమ్ముతాం, అక్కడే మోసపోతాం. “పేషెంట్ హ్యాజ్ బీపీ” అని రాసింది. బీపీ లేని మనిషి బతికి ఉండడు, ఉన్నది హై బ్లడ్ ప్రెషర్. ‘షుగర్’ డయాబెటిస్. ‘లూజ్ మోషన్స్’ డయేరియా. ‘ఫిట్స్’ అంటే పేషెంట్‌కు అర్థమవుతుంది, లెటర్‌లో ‘సీజర్స్’ రాయాలి. ‘కాజువాలిటీ’ని అక్కడ ఏ అండ్ ఈ అనో ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్ అనో అంటారు. ‘అటెండర్’ అంటే పేషెంట్ వెంట వచ్చిన చుట్టమని అక్కడివాళ్లకు తట్టదు, ‘రిలేటివ్’ అనో ‘కేరర్’ అనో రాయాలి. ‘సిస్టర్’ మరీ తమాషా. ఇక్కడ ప్రతి నర్సూ సిస్టరే. అక్కడ సిస్టర్ అంటే వార్డు బాధ్యత చూసే సీనియర్ నర్సు. “ఐ యామ్ సిస్టర్ ఫ్రమ్ దిస్ వార్డ్” అని పరిచయం చేసుకుంటే తనకు తానే ప్రమోషన్ ఇచ్చుకున్నట్టు. ఆపరేషన్ థియేటర్ ఒక్కటి మాత్రం అక్కడా థియేటరే, అది మార్చుకోనక్కర్లేదు.

పేషెంట్ ముందు కూర్చున్నప్పుడు

మాట్లాడే భాగంలో రెండు రోల్ ప్లేలు. ఒక్కోటి సుమారు 5 నిమిషాలు, ముందు ఆలోచించుకోవడానికి 3 నిమిషాలు. ఆమె మొదటి ప్రశ్నే “వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లం?” మన మనసులో అది “ఏమైంది అమ్మా?” అన్నంత మెత్తగా ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్లకు “నీకేం పోయేకాలం?” అన్నట్టు తగులుతుంది. “వాట్ సీమ్స్ టు బి ది ప్రాబ్లం?” అంటే సరిపోతుంది. సీమ్స్ అనే ఒక్క మాటతో కొట్లాట పోయి పలకరింపు వస్తుంది. విరేచనం అయిందా అని అడగడానికి “హావ్ యూ ఓపెన్డ్ యువర్ బవెల్స్?” అంటారని చెబితే నమ్మలేదు, రికార్డింగ్ వినిపించాక ఒప్పుకుంది.

ధైర్యం చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ “డోంట్ వర్రీ, ఇట్ విల్ బి క్యూర్డ్” అనేది. డయాబెటిస్ పేషెంట్‌కూ అదే, కాలి పుండుకూ అదే. ట్రీట్ చేసేది మనం, ఫలితం ఏదైనా కావచ్చు. హీల్ అయ్యేది గాయం, విరిగిన ఎముక, అదీ వాటంతట అవే మానుకుంటూ. క్యూర్ అంటే జబ్బు పూర్తిగా పోవడం. డయాబెటిస్‌కు క్యూర్ అన్నామంటే ఇవ్వకూడని మాట ఇచ్చినట్టే. అక్కడ మేనేజ్, కంట్రోల్ వాడాలి. ‘కంప్లెయిన్ ఆఫ్’, ‘కంప్లెయిన్ అబౌట్’ కూడా అప్పుడే సర్దుకున్నాం. నొప్పి గురించైతే ఆఫ్, క్యాంటీన్ కూర గురించైతే అబౌట్. మాట్లాడేటప్పుడు తప్పినా పర్వాలేదు, లెటర్‌లో తప్పితే పేషెంట్‌కు జబ్బు ఉన్నట్టా కోపం ఉన్నట్టా అర్థం కాదు.

ఫలితం

రెండోసారి రాసిన పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడడం మూడూ బీ. రాయడంలో 330, అంటే సీ ప్లస్. కౌన్సిల్ అడిగినదానికి సరిపోయింది. బీ ఎందుకు రాలేదంటే నా అంచనా, ఏ, యాన్, ది ఇంకా కుదురుకోలేదు. వాటి మీద మేం పెట్టిన సమయం తక్కువ, అది తెలిసే తగ్గించాం. ఏ, ది తప్పితే వాక్యం గుచ్చుకుంటుంది కానీ మందు మారదు. డినై తప్పితే మారుతుంది.

తర్వాత ఇంటర్వ్యూ ప్రిపరేషన్. “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018” అని మొదలుపెట్టింది. మన కాలేజీల్లో పాస్డ్ అవుట్ అంటే చదువు పూర్తయింది, అక్కడ స్పృహ తప్పి పడిపోయింది. “ఐ క్వాలిఫైడ్ ఇన్ 2018” అని మార్చాం. పాస్ అవే అంటే చనిపోవడం, దాన్ని మాత్రం ‘ఎక్స్‌పైర్డ్’ బదులు ముందే నేర్చుకుంది. మందులు, పాల ప్యాకెట్లు ఎక్స్‌పైర్ అవుతాయి, మనుషులను అలా అనొద్దని ఒకసారి అంటే మళ్లీ రాయలేదు.

ఇప్పుడు కూర్చున్నది సలహా ఇచ్చే మాటల మీద. “బెటర్ యూ టేక్ రెస్ట్” అని ఎంతో మర్యాదగా అంటుంది. దాన్నే సరిచేసి “యూ హ్యాడ్ బెటర్ టేక్ రెస్ట్” అంటే వ్యాకరణం కుదిరింది కానీ, ‘తీసుకోకపోతే చూస్కో’ అన్న బెదిరింపు వచ్చి చేరింది. మస్ట్ అంటే ఆజ్ఞ, షుడ్ అంటే సలహా, “ఇట్ మైట్ హెల్ప్ టు రెస్ట్” అంటే పక్కన కూర్చుని చెప్పినట్టు. ముసలివాళ్లతో ఏది, మందు మానేసిన కుర్రాడితో ఏది అని ఆమె ఒక్కో పేషెంట్‌ను తలచుకుని అడుగుతోంది. మస్ట్ ఎక్కడ తప్పదో నేను చెప్పిన జాబితాతో ఆమెకు ఇంకా పేచీ ఉంది. మందు మానేస్తే ప్రాణం మీదికి వచ్చే పేషెంట్‌కు కూడా “మైట్ హెల్ప్” అంటే ఎవడు వింటాడు మేడం అంటోంది.